ఫారం 26 సమీక్ష: ఓటు వేసే ముందు చదవాల్సిన కాగితం ఎంత పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

అభ్యర్థి గుమ్మం ముందుకొచ్చి చెప్పేది ఒకటి, కరపత్రంలో అచ్చేసేది ఒకటి, నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టేది ఇంకొకటి. చివరిదాంట్లో అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఏ కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ కాగితమే ఫారం 26. జనం వాడుకలో అఫిడవిట్. అఫిడవిట్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైటులోనూ, మొబైల్ యాప్‌లోనూ కేంద్ర ఎన్నికల సంఘం దీన్ని ఎవరికైనా ఉచితంగా చూపిస్తోంది. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ సేవనే.

తీర్పు ముందే చెప్పేస్తే, కాగితానికి 5కి 4 మార్కులు, దాన్ని ఓటరుకు అందిస్తున్న తీరుకు 5కి 2. గంట కూర్చుంటే నియోజకవర్గంలో గట్టిగా పోటీలో ఉన్న ముగ్గురు నలుగురి గురించి, నెల రోజుల ప్రచారం చెప్పనన్ని సంగతులు తెలుస్తాయి. కాకపోతే ఆ గంట ఏ పేజీ మీద పెట్టాలో తెలియాలి. పైపైన తిరగేస్తే తప్పుడు అంచనాకు రావడం కూడా అంతే తేలిక.

ఈ కాగితం ఊరికే రాలేదు. అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ 1999లో ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు గండి కొట్టేలా చట్టంలో 33బీ సెక్షన్ చేరిస్తే, 2003 మార్చి 13న కోర్టు దాన్నీ కొట్టేసింది. గడులు ఖాళీగా వదిలేస్తే కుదరదని, అడిగినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చని 2013 సెప్టెంబర్ 13న చెప్పింది. 2019 ఫిబ్రవరిలో ఫారం మార్చి, అయిదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల వివరాలు, విదేశాల్లోని ఆస్తులు కూడా రాయాలన్నారు. అంటే 2019కి ముందు అఫిడవిట్లలో ఈ అయిదేళ్ల పట్టిక కనిపించదు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు, ఎలా తీసుకోవాలి

నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అఫిడవిట్ ఇవ్వాలి. రిటర్నింగ్ అధికారి దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి, సైటులోకి ఎక్కిస్తారు. నామినేషన్ల ఉపసంహరణ గడువుకూ పోలింగ్‌కూ మధ్య కనీసం 14 రోజులుండాలని చట్టం. 2024లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జరిగింది చూడండి: నామినేషన్ల ఆఖరు ఏప్రిల్ 25, పరిశీలన 26న, ఉపసంహరణ 29న, పోలింగ్ మే 13న. ఓటరుకు చదువుకోవడానికి దొరికిన సమయం ఆ రెండు వారాలే. ఆంధ్రలో అదే రోజు అసెంబ్లీకీ లోక్‌సభకూ రెండు ఓట్లు కాబట్టి రెండు జాబితాలు చూడాల్సి వచ్చింది.

సైటులో ముందు ఎన్నిక, తర్వాత రాష్ట్రం, దశ, నియోజకవర్గం ఎంచుకోవాలి. ఆ తర్వాత అందరూ మరిచిపోయే ఒక మీట ఉంది: అభ్యర్థుల స్థితి. నామినేషన్ వేసినవారు, ఆమోదం పొందినవారు, తిరస్కరణకు గురైనవారు, ఉపసంహరించుకున్నవారు, బరిలో మిగిలినవారు అని వేర్వేరుగా ఉంటారు. ఉపసంహరణ గడువు దాటాక బరిలో మిగిలినవారినే ఎంచుకోండి. లేకపోతే డమ్మీ నామినేషన్లు కూడా కలిసి జాబితా చాంతాడంత అవుతుంది.

ఒకే అభ్యర్థికి రెండు మూడు పీడీఎఫ్‌లు కనిపిస్తే కంగారు పడొద్దు. ఒకరు ఒక స్థానానికి 4 సెట్ల దాకా నామినేషన్ పత్రాలు వేయొచ్చు. తప్పులు దిద్ది మళ్లీ అఫిడవిట్ ఇచ్చిన సందర్భాలూ ఉంటాయి. ప్రతిదాని చివరి పేజీలో నోటరీ వేసిన తేదీ ఉంటుంది, అన్నిటికన్నా కొత్తదాన్ని చదవండి. ఓపిక ఉంటే పాతదాంతో పోల్చి ఏం మారిందో చూడండి. మారిన ఆ ఒక్క గడి చాలాసార్లు మిగతా కాగితమంతటికన్నా ఎక్కువ చెబుతుంది.

పేరు ఒకేలా ఉన్నవారితో జాగ్రత్త. ప్రధాన అభ్యర్థి పేరే ఉన్న స్వతంత్రుల్ని దించడం పాత ఎత్తుగడ. 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో వేస్తున్నది అందుకే. సైటులో తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఫొటో చూసుకున్నాకే పీడీఎఫ్ తెరవండి.

పార్ట్ బీ దగ్గర ఆగిపోవద్దు

ఫారంలో రెండు భాగాలున్నాయి. పార్ట్ ఏ అసలు వివరం, పార్ట్ బీ దాని సారాంశం. పేపర్లలో వచ్చే "ఫలానా అభ్యర్థి ఆస్తి ఇన్ని కోట్లు, కేసులు ఇన్ని" అనే వార్త పార్ట్ బీ దగ్గరే పూర్తవుతుంది. మొత్తాలు మాత్రం చూస్తే ధర్నాలో కూర్చున్నవాడూ, డిపాజిటర్ల సొమ్ము మింగినవాడూ ఒకే గాటన పడతారు. ఓటరు చదవాల్సింది పార్ట్ ఏలోని 5, 7, 9 పేరాలు. మిగిలినవి ఆ తర్వాత.

అయిదో పేరా: కేసులు

ఇక్కడ ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, కేసు నంబరు, సెక్షన్లు, నేరం క్లుప్తంగా ఏమిటి, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా, చేస్తే ఏ తేదీన అన్నవి ఉంటాయి. ఎన్ని కేసులన్నది పక్కన పెట్టి, ముందు సెక్షన్ల గడి చూడండి.

ఐపీసీ 143 అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడటం, 188 అంటే అధికారి ఉత్తర్వును ఖాతరు చేయకపోవడం, 341 అంటే దారికి అడ్డం పడటం. రాస్తారోకోలు, బంద్‌లు చేసే ప్రతి కార్యకర్త మీదా ఇవే పడతాయి. ఉద్యమాల్లో తిరిగినవారి అఫిడవిట్‌లో ఇలాంటివి 20 ఉన్నా ఆశ్చర్యం లేదు. ఐపీసీ 353, అంటే ప్రభుత్వోద్యోగి విధులకు బలప్రయోగంతో అడ్డుపడటం, మధ్య రకం. తోపులాటకూ పెడతారు, నిజంగా చేయి చేసుకున్నప్పుడూ పెడతారు. కాబట్టి పక్కనున్న క్లుప్త వివరం చదవాలి. 302 హత్య, 307 హత్యాయత్నం, 376 అత్యాచారం, 420 మోసం, 409 నమ్మి అప్పగించిన సొమ్మును ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, ఏజెంటు వంటివారు కాజేయడం, ఇవి కాక అవినీతి నిరోధక చట్టం సెక్షన్లు. వీటిలో ఒక్కటున్నా అక్కడ ఆగి చూడాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 అని ఉంటే అది చెక్కు బౌన్సు కేసు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, వచ్చింది. ఇక మీదట అఫిడవిట్లలో రెండు చట్టాల సెక్షన్లూ కలగలిసి ఉంటాయి. ఇక్కడ పెద్ద పొరపాటుకు తావుంది. కొత్త చట్టంలో హత్య 103, హత్యాయత్నం 109, అత్యాచారం 64, మోసం 318. కొత్త చట్టంలో 302 అంటే హత్య కాదు, మత మనోభావాలు గాయపరిచేలా మాట్లాడటం. "302 కేసుంది" అని వాట్సాప్‌లో తిప్పేముందు ఏ చట్టం కింద 302నో చూడాలి. అలా చూడకపోతే నిర్దోషిని హంతకుడిని చేసిన పాపం మనదవుతుంది.

అభియోగాల నమోదు గడి మరీ ముఖ్యం. ఎఫ్ఐఆర్ అంటే ఒకరు ఫిర్యాదు చేశారని మాత్రమే. అభియోగాలు నమోదయ్యాయంటే పోలీసుల ఛార్జిషీటు చూసి, విచారణ జరపడానికి ఆధారం ఉందని జడ్జి భావించారని అర్థం. అప్పటికీ నేరం రుజువైనట్టు కాదు. రుజువై 2 ఏళ్లు, ఆపైన శిక్ష పడితే అనర్హత వస్తుంది. అప్పీలు వేశామని పదవిలో కొనసాగే వెసులుబాటును సుప్రీంకోర్టు 2013 జులై 10న తీసేసింది. శిక్షలు పడిన కేసుల వివరం ఆరో పేరాలో ఉంటుంది.

అభ్యర్థి రాసిందాన్ని అలాగే నమ్మక్కర్లేదు, సరిచూసుకునే దారి ఉంది. ఈ-కోర్ట్స్ సైటులో కేస్ స్టేటస్‌లోకి వెళ్లి, ఎఫ్ఐఆర్ నంబరు అన్న చోట నొక్కి, రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం, పోలీస్ స్టేషన్, నంబరు, సంవత్సరం ఇస్తే కేసు ఎక్కడి దాకా వచ్చిందో, ఎన్ని వాయిదాలు పడ్డాయో కనిపిస్తుంది. దొరకకపోతే వెంటనే అనుమానించొద్దు. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు ప్రత్యేక కోర్టుకు బదిలీ అయ్యి ఉంటాయి. తెలంగాణకు నాంపల్లిలో, ఆంధ్రకు విజయవాడలో ఆ కోర్టులున్నాయి. జిల్లా మార్చి అక్కడ వెతకండి.

ఏడో పేరా: ఆస్తులు, అసలు పని ఇక్కడే

చరాస్తుల్లో చేతిలో నగదు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బీమా, ఇతరులకిచ్చిన అప్పులు, వాహనాలు, బంగారం ఉంటాయి. స్థిరాస్తుల్లో వ్యవసాయ భూమి, ఖాళీ స్థలాలు, వాణిజ్య భవనాలు, ఇళ్లు. ప్రతిదానికీ అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవారు అని వేర్వేరు గడులున్నాయి. భూమికైతే సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొంటే ఏ తేదీన ఎంతకు, ఇప్పటి విలువ ఎంత అన్నవి రాయాలి.

మొదటి చిక్కు విస్తీర్ణం దగ్గరే. "2.20" అని ఉందనుకోండి. తెలంగాణలో అది 2 ఎకరాల 20 గుంటలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే అంకె 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి రెండు ఎకరాల పైన అయిదో వంతు. అభ్యర్థికి రెండు రాష్ట్రాల్లోనూ భూములుంటే ఒకే పట్టికలో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. కూడికలు వేసేముందు గ్రామం ఏ రాష్ట్రంలో ఉందో చూడాలి.

రెండో చిక్కు విలువ. "ప్రస్తుత మార్కెట్ విలువ" గడిలో ఉండేది అభ్యర్థి అంచనా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ వేసినవారు ఒకరు, బయట పలికే ధర వేసినవారు ఒకరు అయితే పోలిక చెడుతుంది. పక్కపక్క ఊళ్లలో ఒకేలాంటి భూమి ఉన్న ఇద్దరిలో ఒకరు మూడింతల ధనవంతుడిలా కనిపించొచ్చు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల సైట్లలోనూ ఊరి పేరు ఇస్తే ప్రభుత్వ విలువ వస్తుంది. దాన్ని అఫిడవిట్ అంకెతో పోలిస్తే ఎవరు ఏ లెక్క వేశారో తెలుస్తుంది. నిజాయతీగా బయటి ధర రాసిన అభ్యర్థిని "ఇంత ఆస్తా" అని తిట్టుకోవడం, తగ్గించి రాసినవాడిని నిరాడంబరుడనుకోవడం, రెండూ ఈ గడి సరిగ్గా చదవకపోవడం వల్లే జరుగుతున్నాయి.

బంగారానికి రూపాయలు కాదు, గ్రాములు చూడండి. ధర పెరిగినందువల్ల విలువ రెట్టింపయినా బరువు అంతే ఉంటే కొత్తగా కొన్నది లేదు. కాసుల్లో రాస్తే కాసుకు 8 గ్రాముల లెక్కన మార్చుకోండి.

ఇప్పుడు రెండు ఎన్నికల అఫిడవిట్లను పోల్చే పద్ధతి. మాటవరసకు ఒక ఎమ్మెల్యేకు 2019లో ఆస్తి 3 కోట్లు, అప్పు 40 లక్షలు అనుకుందాం. 2024లో ఆస్తి 8 కోట్లు, అప్పు 90 లక్షలు. "అయిదేళ్లలో 5 కోట్లు సంపాదించాడు" అని శీర్షిక పెట్టేయడం తేలిక, కానీ తప్పు. ముందు సర్వే నంబర్లు కలపండి. పాత భూములే 1.8 కోట్ల నుంచి 4.6 కోట్లకు పెరిగాయి. ఆ 2.8 కోట్లు ధరల పెరుగుదల. మిగిలింది 2.2 కోట్లు. అప్పు 50 లక్షలు పెరిగింది, అంటే ఆస్తిలో కొంత అప్పు చేసి కొన్నది. మిగిలింది 1.7 కోట్లు. ఇప్పుడు నాలుగో పేరాకు వెళ్లి భార్యాభర్తల అయిదేళ్ల ఆదాయం కూడండి. 70 లక్షలు అనుకుంటే, పన్నులు, ఇంటి ఖర్చు అసలు తీయకుండానే కోటి రూపాయలకు లెక్క తేలడం లేదు. ప్రశ్న అడగాల్సింది ఆ కోటి గురించి.

ఆ కోటికి సబబైన సమాధానాలూ ఉండొచ్చు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, రిటర్నులో మొత్తం ఆదాయం కింద అది చేరదు. అందుకే నిజంగా సేద్యం చేసే అభ్యర్థి ఆదాయం ఆ పట్టికలో చిన్నదిగా కనిపిస్తుంది. వారసత్వంగా వచ్చినదుంటే ఆ గడిలో రాసి ఉంటుంది. పాత ఆస్తి అమ్మితే అది కొత్త జాబితాలో ఉండకూడదు. అమ్మానని చెబుతూ అదే సర్వే నంబరు కొత్త అఫిడవిట్‌లోనూ ఉంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు.

కొత్తగా చేరిన భూముల కొనుగోలు తేదీలు కూడా చూడండి. ఒకే ఊళ్లో, ఒకే నెలలో, వరుస సర్వే నంబర్లు చేరితే ఆ ప్రాంతంలో ఆ తర్వాత రోడ్డో, పరిశ్రమో వచ్చిందా అని ఆరా తీయాలి. అఫిడవిట్ ఇది చెప్పదు, ఆధారం మాత్రం ఇస్తుంది.

తొమ్మిదో పేరా చాలామంది దాటేస్తారు

వృత్తి, ఆదాయ మార్గం ఇక్కడ ఉంటాయి. వృత్తి "సమాజ సేవ" అని, భార్య "గృహిణి" అని ఉండి, నాలుగో పేరాలో ఇద్దరి ఆదాయమూ లక్షల్లో ఉంటే ఆదాయ మార్గం గడిలో అద్దెలా, వడ్డీలా, వ్యాపారమా అన్నది కచ్చితంగా కనిపించాలి. అంతకన్నా ముఖ్యమైనది దాని కిందే ఉన్న ప్రభుత్వ కాంట్రాక్టుల వివరం. అభ్యర్థివే కాదు, జీవిత భాగస్వామివి, ఆధారపడినవారివి, భాగస్వామ్య సంస్థలవి, వాటాలున్న ప్రైవేటు కంపెనీలవి కూడా చెప్పాలి. కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయించుకునేదీ, ఎమ్మెల్యేగా ఆ పనుల మీద ఒత్తిడి తెచ్చేదీ ఒకరే అవుతారా అన్న ప్రశ్నకు జవాబు ఈ గడిలో ఉంది.

కాగితంలో లేనివి

"ఆధారపడినవారు" అన్న మాటకు ఫారం చెప్పే అర్థం, సొంత ఆదాయం లేకుండా అభ్యర్థి మీద బతికేవారని. పెళ్లయి వ్యాపారం చేసుకుంటున్న కొడుకు, ఉద్యోగమున్న కూతురు, అన్నదమ్ములు, బావమరిది ఇందులోకి రారు. మన దగ్గర ఆస్తులు ఎవరి పేర్ల మీద పెడతారో తెలిసినవారికి ఇది ఎంత పెద్ద కంతో చెప్పనక్కర్లేదు. ఇంకొకటి, స్టాక్ మార్కెట్‌లో నమోదు కాని కంపెనీల షేర్లకు పుస్తక విలువే రాస్తారు. కంపెనీ పేరు మీద 20 ఏళ్ల కిందట కొన్న భూమి ఇప్పుడు ఎంత పలికినా అఫిడవిట్‌లో ఆ షేర్ల విలువ చిన్న అంకెగానే ఉంటుంది. అందుకే షేర్ల గడిలో విలువకన్నా కంపెనీ పేరు ముఖ్యం.

రిటర్నింగ్ అధికారి ఈ వివరాలు నిజమా కాదా అని పరిశోధించరు. గడులు నిండాయా, సంతకాలున్నాయా అన్నదే వారి పరిధి. తప్పని ఆధారం ఉన్న ఎవరైనా దానికి వ్యతిరేకంగా ఇంకో అఫిడవిట్, అంటే కౌంటర్ అఫిడవిట్, ఇవ్వొచ్చు, దాన్నీ జనానికి అందుబాటులో పెట్టాలన్నది ఎన్నికల సంఘం నిబంధన. సైటులో అఫిడవిట్ పక్కన అలాంటిది ఏదైనా ఉందేమో చూడండి. అలాగని ప్రతి చిన్న వస్తువు రాయలేదని తప్పుపట్టలేం. జీవనశైలిని తెలిపేంత విలువైనది కానప్పుడు ప్రతి చరాస్తినీ చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 9న స్పష్టం చేసింది.

సైటు ఎక్కడ నిరాశపరుస్తుంది

పీడీఎఫ్‌లు స్కాన్ చేసిన బొమ్మలు. అందులో ఒక సర్వే నంబరో, సెక్షనో వెతకాలంటే కుదరదు, కళ్లతో ప్రతి పేజీ తిరగేయాల్సిందే. నోటరీ ముద్ర కింద అంకెలు నలిగిపోతాయి, అడ్డంగా పెట్టిన పేజీలు అలాగే ఉంటాయి. ఫోన్‌లో చదవడం కన్నా కంప్యూటర్‌లో దింపుకుని, పేజీ తిప్పి, పెద్దది చేసి చూడటం మేలు. ఇద్దరు అభ్యర్థుల్ని పక్కపక్కన పెట్టి చూపే సదుపాయం లేదు. తెలుగు ఓటరు కోసం ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటే దాని తెలుగు రూపమూ అందాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. నామినేషన్ వివరాలు ఆన్‌లైన్‌లో నింపే వీలు పెట్టిన సంస్థ, ఆ వివరాల్ని వెతకడానికి వీలైన పట్టికగా ఇవ్వగలదు. 5కి 2 ఇవ్వడానికి కారణం ఇదే.

ఈ లోటును కొంత పూడుస్తున్నది, 1999లో కేసు వేసిన అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ నడుపుతున్న మైనేత సైటు. అఫిడవిట్లలోని వివరాలు చేత్తో ఎక్కించి పట్టికలుగా ఇస్తారు. అదే అభ్యర్థి గత ఎన్నికల్లో ప్రకటించిన ఆస్తులు, కేసులు కూడా పక్కన కనిపిస్తాయి. పోలికకు ఇదే తేలిక దారి. అయితే చెయ్యి పెట్టి ఎక్కించిన అంకెల్లో పొరపాట్లు సహజం. ఏ అంకె మీదైనా మాట అనేముందు అసలు పీడీఎఫ్‌లో ఒకసారి చూసుకోవాలి.

పార్టీలు చెప్పాల్సిన కారణం

కేసులున్న అభ్యర్థి ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీల్లోనూ వాటిని ప్రకటించాలి. ఉపసంహరణ గడువు తర్వాత మొదటి 4 రోజుల్లో ఒకసారి, 5 నుంచి 8 రోజుల మధ్య రెండోసారి, 9వ రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు మూడోసారి. పార్టీ కూడా, అభ్యర్థిని ఎంపిక చేసిన 48 గంటల్లో, కేసులు లేనివారిని కాదని ఇతన్నే ఎందుకు ఎంచుకున్నామో సీ-7 ఫారంలో కారణం రాయాలి. గెలుపు గుర్రం అన్నది కారణం కాకూడదని 2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీ సైటు మొదటి పేజీలోనే నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల వివరాలకు దారి ఉండాలని, ఎన్నికల సంఘం దీనికోసం యాప్ పెట్టాలని 2021 ఆగస్టు 10న ఆదేశించింది. కేవైసీ, అంటే నో యువర్ క్యాండిడేట్ యాప్ చూపేది ఈ వివరాలే. అఫిడవిట్ సైటుకన్నా ఇది ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటుంది, కేసులున్నాయా లేవా అన్నది వెంటనే చెబుతుంది. లోతుకు వెళ్లాలంటే మళ్లీ అదే పీడీఎఫ్. 40కి పైగా యాప్‌లు, సైట్లు కలిపి ఈసీఐనెట్ అనే ఒకే వేదిక తెస్తామని ఎన్నికల సంఘం 2025 మేలో ప్రకటించింది. కాబట్టి పాత పేరుతో యాప్ దొరకకపోతే అందులో చూడండి.

సీ-7 చదవడం అలవాటు చేసుకోండి. నలుగురు అభ్యర్థులకు ఒకే వాక్యం దించేసి ఉంటే పార్టీ ఆ ఎంపిక గురించి ఎంత ఆలోచించిందో అక్కడే అర్థమైపోతుంది.

సిట్టింగ్ ఎంపీ అయితే ఇంకో సైటు

పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైటులో ఎంపీల హాజరు, ప్రశ్నలు, చర్చల్లో పాల్గొన్న లెక్క ఉంటుంది. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు, జవాబు చెప్పేవారు కాబట్టి. వారి పేరు ఎదురుగా అంకె లేకపోతే సభకే వెళ్లలేదని అర్థం కాదు. ప్రశ్నల సంఖ్యకన్నా మీ జిల్లా మీద, మీ పంట మీద, మీ రైల్వే లైను మీద ఎన్ని అడిగారన్నది చూడటం మేలు. ప్రశ్నల పాఠం పార్లమెంటు సైటులో ఉంటుంది. ఎంపీకి ఏటా 5 కోట్ల నియోజకవర్గ నిధులు వస్తాయి, అందులో ఎస్సీ ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం పనులు సూచించాలి. ఎమ్మెల్యేల పనితీరుకు ఇంత వివరమైన లెక్క ఒక్కచోట దొరకదు, ఇది పెద్ద లోటే.

ఇవన్నీ చదివినా జాబితాలో పేరు లేకపోతే వృథా. ఓటరు కార్డు జేబులో ఉండటం చాలదు, పేరు జాబితాలో ఉండాలి. కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం 8. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏనాటికి 18 నిండినా అర్హులే, 17 దాటగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టొచ్చు. సందేహం ఉంటే 1950కి ఫోన్ చేయండి, లేదా మీ బీఎల్‌వోను, అంటే బూత్ స్థాయి అధికారిని, అడగండి. పోలింగ్‌కు వారం ముందు కాదు, నోటిఫికేషన్ రాకముందే చూసుకోండి.

డబ్బు, మద్యం పంపిణీ కంటపడితే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో అప్పటికప్పుడు ఫొటో గానీ 2 నిమిషాల్లోపు వీడియో గానీ తీసి పంపొచ్చు. గ్యాలరీలోని పాత ఫొటోలు తీసుకోదు, ఆ స్థలం వివరం దానంతటదే వెళ్తుంది, 100 నిమిషాల్లో తేల్చాలన్నది లక్ష్యం. మీ పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు, కానీ అప్పుడు ఫిర్యాదు ఏమైందో యాప్‌లో చూసుకోలేరు.

సర్పంచి, వార్డు సభ్యులు, కార్పొరేటర్ల అఫిడవిట్లు మాత్రం ఈ సైటులో వెతకొద్దు. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది వేరే సంస్థ. ఆ పత్రాల కోసం అక్కడి రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు చూడొచ్చు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల్లేకుండా జరుగుతాయి కాబట్టి, సీ-7 లాంటి పార్టీ కాగితమూ ఉండదు. మన వీధి దీపం, మన మురుగు కాలువ చూసే మనిషి గురించే అన్నిటికన్నా తక్కువ సమాచారం దొరుకుతోంది.

ఫలితాల తర్వాత అఫిడవిట్ తీసేయరు, పాత ఎన్నికలవి కూడా సైటులో ఉంటాయి. గెలిచినవారిది దింపుకుని దాచుకోండి. అందులో పెద్ద విషయం దాచారని ఆధారం దొరికితే ఎన్నికను సవాలు చేసే పిటిషన్ హైకోర్టులో వేయడానికి గడువు ఫలితం వచ్చిన నాటి నుంచి 45 రోజులే. ఆ గడువు దాటినా సెక్షన్ 125ఏ కింద ఫిర్యాదుకు దారి ఉంటుంది, అప్పుడూ మొదట అడిగేది ఈ కాగితమే.